ముందు రక్తపరీక్ష, ఆ తర్వాతే పథ్యం: వైద్యులకు, ఆహార నిపుణులకు, పరీక్షా కేంద్రాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్యులకు, డైటీషియన్లకు, రక్తపరీక్షా కేంద్రాల నిర్వాహకులకు, ఆరోగ్య విషయాలపై ప్రజలకు సలహాలిచ్చే వారందరికీ నమస్కారాలు.

విషయం: సీలియాక్ వ్యాధి ఉందేమోనన్న అనుమానం వచ్చినప్పుడు, రక్తపరీక్ష చేయించకుండానే గోధుమ మాన్పించడం గురించి.

కడుపు ఉబ్బరం, విడవని విరేచనాలు, కారణం తెలియని నీరసం, ఎన్నాళ్లు ఐరన్ మాత్రలు వాడినా పెరగని హిమోగ్లోబిన్ వంటి బాధలతో వచ్చినవారికి “కొన్నాళ్లు గోధుమ మానేసి చూడండి” అని చెప్పడం ఒక అలవాటుగా మారింది. మంచి ఉద్దేశంతోనే చెబుతున్నారనడంలో నాకు సందేహం లేదు. అయితే రోగి ఆ సలహా పాటించడం మొదలుపెట్టిన రోజు నుంచే, తనకున్నది సీలియాక్ వ్యాధి అవునో కాదో తేల్చుకునే దారి కొద్దికొద్దిగా మూసుకుపోతుంది. ఈ సంగతిని వివరిస్తూ కొన్ని వృత్తి సంఘాలకు, సలహా ఇచ్చిన వైద్యశాలకు ఇంతకుముందే విడివిడిగా లేఖలు రాశాను. అవి అందాయన్న కబురు కూడా రాలేదు కాబట్టి, అదే విన్నపాన్ని ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

నేను వైద్యురాలిని కాను. సీలియాక్ వ్యాధి నిర్ధారణ అయిన ఒక పిల్లవాడికి, ఆ వ్యాధి ఉందో లేదో తేలకుండా మిగిలిపోయిన ఒక అమ్మాయికి తల్లిని. ఈ లేఖలోని వైద్య విషయాలన్నీ మీకు తెలిసినవే. తెలిసినవి ఆచరణలోకి రావడం లేదన్నదే నా ఫిర్యాదు.

సీలియాక్ వ్యాధి అలర్జీ కోవలోకి రాదు, మామూలు అజీర్తి కిందికీ రాదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. పుట్టుకతో హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2 లేదా డీక్యూ8 జన్యువులు వచ్చినవారిలో కొందరికి, ఆ గ్లూటెన్ చిన్నపేగులోకి చేరినప్పుడు శరీర రక్షణ వ్యవస్థ తన సొంత కణజాలం మీదికే మళ్లుతుంది. పేగు గోడలోని టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైము గ్లూటెన్ ముక్కల్లో చిన్న మార్పు చేస్తుంది. మారిన ఆ ముక్కలను రక్షణ కణాలు శత్రువులుగా గుర్తుపట్టి, గ్లూటెన్‌తో పాటు ఆ ఎంజైము మీద కూడా యాంటీబాడీలను తయారుచేయిస్తాయి. ఈ పోరులో, ఆహారంలోని పోషకాలను పీల్చుకోవాల్సిన ఆంత్ర చూషకాలు కురచబడి చదునైపోతాయి. ఐరన్, ఫోలేట్, కాల్షియం వంటివి ఒంటికి పట్టవు. కొందరికి విరేచనాలవుతాయి. కొందరికి పేగు బాధ ఏమీ ఉండదు గానీ రక్తహీనత, ఎముకల బలహీనత, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, నోటిపూత, దురదతో కూడిన పొక్కులు, సంతానం కలగకపోవడం వంటి రూపాల్లో బయటపడుతుంది. ప్రపంచ జనాభాలో సుమారు 1 శాతం మందికి ఈ వ్యాధి ఉందని అంచనా. వారిలో ఎక్కువమందికి తమకు అది ఉన్నట్టే తెలియదు.

ఈ వివరాలన్నీ చెప్పడానికి కారణం ఒక్కటే. టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష వెతికేది పైన చెప్పిన ఎంజైము (పొట్టిగా టీటీజీ) మీద తయారైన ఐజీఏ రకం యాంటీబాడీల కోసం. ఎండోస్కోపీలో తీసే బయాప్సీ ముక్కలో చూసేది చదునైన ఆంత్ర చూషకాలను. ఈ రెండూ గ్లూటెన్ తింటున్నంత కాలమే స్పష్టంగా కనబడతాయి. తినడం ఆపితే యాంటీబాడీలు కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలుపెడతాయి. చాలామందిలో 6 నుంచి 12 నెలల్లో అవి మామూలు స్థాయికి వచ్చేస్తాయి, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. పేగు గోడ కూడా మెల్లగా మానుతుంది. అంటే పథ్యం ఎంత బాగా పనిచేస్తే, పరీక్షకు దొరికే ఆధారం అంత తగ్గుతుంది. మంట ఆరిపోయాక వచ్చి, పొగ లేదు కాబట్టి ఇక్కడ ఎప్పుడూ నిప్పే లేదని రాసి ఇచ్చినట్టు, పథ్యంలో ఉన్న మనిషికి చేసిన పరీక్ష “నెగెటివ్” అని వస్తుంది.

“మానేసి చూద్దాం” అనే పద్ధతికి ఒకప్పుడు కారణముండేది. 1888లో లండన్ వైద్యుడు శామ్యూల్ గీ ఈ వ్యాధిని వివరిస్తూ, నయమయ్యే వీలంటూ ఉంటే అది ఆహారం ద్వారానే కావాలని రాశారు గానీ, ఏ ఆహారం దోషమో ఆయనకు తెలియదు. నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం డిక్కె 1930ల నుంచే గోధుమను అనుమానిస్తూ వచ్చారు. రెండో ప్రపంచయుద్ధం చివర 1944-45 చలికాలంలో ఆ దేశంలో కరవు వచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం, రొట్టె మళ్లీ అందగానే క్షీణించడం ఆయన అనుమానానికి బలమిచ్చింది. 1950లో యూట్రెక్ట్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఆయన దాన్ని శాస్త్రీయంగా నిరూపించారు. ఆ రోజుల్లో రక్తపరీక్ష లేదు, పేగు ముక్క తీసి చూసే సాధనమూ లేదు. మాన్పించి చూడటం తప్ప వైద్యుడి చేతిలో మరో మార్గం లేదు. 1950ల మధ్యలో పేగు బయాప్సీ వచ్చింది. 1969లో యూరప్ పిల్లల వైద్యులు కుదుర్చుకున్న ప్రమాణాల్లో మాన్పించి చూడటమూ, మళ్లీ తినిపించి చూడటమూ నిర్ధారణలో భాగంగానే ఉండేవి. అప్పుడు కూడా మొదటి బయాప్సీ గ్లూటెన్ తింటుండగానే తీయాలన్నది నియమం. 1997లో టిష్యూ ట్రాన్స్‌గ్లుటామినేజే ఈ యాంటీబాడీల లక్ష్యమని తేలిన తర్వాత, నిర్ధారణలో మొదటి అడుగు చేతి నరం నుంచి తీసే కాస్త రక్తంతో సరిపోతోంది. ఇంత సాధనం అందుబాటులోకి వచ్చాక కూడా సాధనమే లేని కాలపు సలహాను, అందులోనూ మొదటి అడుగు వదిలేసి, ఇస్తూ ఉండటం ఎలా సమర్థనీయమో నాకు అర్థం కావడం లేదు.

మార్గదర్శకాలు లేక ఇలా జరుగుతోందనడానికీ వీల్లేదు. బ్రిటన్‌లోని వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2015లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం, పరీక్షకు ముందు కనీసం 6 వారాల పాటు రోజూ ఒకటికి మించిన పూటల్లో గ్లూటెన్ ఉన్న ఆహారం తీసుకోవాలి. నిపుణుడు నిర్ధారించేదాకా గ్లూటెన్ లేని పథ్యం మొదలుపెట్టకూడదని కూడా రోగికి చెప్పాలి. ఇతర దేశాల గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘాలు చెబుతున్నదీ ఇదే. నియమం పుస్తకాల్లో ఉంది. రోగి కూర్చునే కుర్చీ దాకా అది రావడం లేదు.

అలా రాకపోవడం వల్ల మామూలు కుటుంబాలు పడుతున్న ఇబ్బందులను కింద వరుసగా మనవి చేస్తున్నాను.

1. పరీక్ష ఫలితానికి అర్థం లేకుండా పోతుంది. పథ్యం మొదలుపెట్టిన కొన్ని నెలలకు చేయించిన పరీక్షలో నెగెటివ్ వస్తే, వ్యాధి లేదని దాని అర్థమా, పథ్యం పనిచేసిందని అర్థమా అన్నది ఎవరూ చెప్పలేరు. అయినా ఆ కాగితం చూసి “మీకు సీలియాక్ లేదు” అని భరోసా ఇచ్చి పంపేస్తున్నారు. ఆ మాట నమ్మి మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టినవారిలో వ్యాధి ఉన్నవారు ఉంటే, వారి పేగు మళ్లీ దెబ్బతినడం మొదలవుతుంది. ఈసారి అనుమానించేవారు కూడా ఉండరు, ఎందుకంటే చేతిలో “లేదు” అన్న కాగితం ఉంటుంది.

2. తేల్చుకోవాలంటే మళ్లీ జబ్బు తెచ్చుకోవాలి. పథ్యంలో ఉన్నవారికి నిర్ధారణ కావాలంటే గ్లూటెన్‌ను కావాలని తిరిగి తినిపించి, ఆ తర్వాత పరీక్ష చేయాలి. పెద్దల్లో రోజుకు కనీసం 3 గ్రాముల గ్లూటెన్, అంటే సుమారు రెండు గోధుమ బ్రెడ్ ముక్కల్లో ఉండేంత, 2 వారాల పాటు తినిపించడం, తట్టుకోగలిగితే 8 వారాల దాకా పొడిగించడం ఒక పద్ధతి. కాగితం మీద చిన్నదిగా కనిపించే ఈ పని మనుషుల జీవితంలో చిన్నది కాదు. కొన్ని నెలలుగా హాయిగా ఉన్న మనిషి విరేచనాలు, వాంతులు, కడుపునొప్పి, తల పనిచేయనంత నీరసం వస్తాయని తెలిసి తెలిసి వాటిలోకి అడుగుపెట్టాలి. పరీక్షలు రాయాల్సిన విద్యార్థి, సెలవు పెడితే ఆ రోజు కూలి పోయే మనిషి, కడుపుతో ఉన్న స్త్రీ ఇందుకు ఎలా సిద్ధపడతారు? చాలామంది మధ్యలోనే ఆపేస్తారు, ఇంకా చాలామంది మొదలే పెట్టరు. వారిని తప్పుపట్టడానికి లేదు.

పిల్లల విషయంలో ఇది మరింత కష్టం. 5 ఏళ్లలోపు, అలాగే యుక్తవయసులో వేగంగా ఎదిగే కాలంలో ఇలా తిరిగి తినిపించి చూడటం మంచిది కాదని యూరప్ పిల్లల గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం చెబుతోంది. మా అమ్మాయి పరిస్థితి సరిగ్గా ఇదే. రక్తహీనతతో, కడుపు ఉబ్బరంతో బాధపడుతున్న పిల్లకు ఏ పరీక్షా రాయకుండా గోధుమ మాన్పించమన్నారు. మాన్పించాం, కోలుకుంది. ఆ తర్వాత తమ్ముడికి ఇలాంటి లక్షణాలే వస్తే మరొక వైద్యురాలు మొదటి రోజే రక్తపరీక్ష రాసి, ఫలితం వచ్చేదాకా ఎప్పటిలాగే తిననివ్వమని గట్టిగా చెప్పారు. అతనికి సీలియాక్ అని కొద్ది రోజుల్లోనే నిర్ధారణ అయ్యింది. అప్పుడు అమ్మాయికీ పరీక్ష చేయిస్తే నెగెటివ్ వచ్చింది, కానీ అప్పటికి ఆమె పథ్యంలో ఏడాదికి పైగా ఉంది. జన్యు పరీక్షలో తమ్ముడికున్న జన్యువులే ఆమెకూ ఉన్నాయని తేలింది. ఎదుగుదల పూర్తయ్యేదాకా తిరిగి తినిపించే ప్రయత్నం వద్దన్నారు. ఒకే ఇంట్లో, ఒకే వంట తింటూ, ఒకరికి వ్యాధి పేరు తెలుసు, ఇంకొకరికి తెలియదు. ఇద్దరి మధ్యా ఉన్న తేడా సరైన రోజున తీసిన కాస్త రక్తం.

3. మానేస్తే బాగుపడటం రుజువు కాదు. గోధుమలో గ్లూటెన్ ఒక్కటే లేదు. ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు కూడా ఉంటాయి. అవి పెద్దపేగులో పులిసి గ్యాసు, ఉబ్బరం కలిగిస్తాయి. సీలియాక్ లేకుండానే తమకు గ్లూటెన్ పడదని నమ్ముతున్న 59 మందిపై నార్వేలో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, వారికి తెలియకుండా విడివిడిగా ఇచ్చి చూసినప్పుడు గ్లూటెన్ కంటే ఫ్రక్టాన్లే ఎక్కువ బాధ కలిగించాయని తేలింది. ఇలాంటివారు అవసరం లేని కఠిన పథ్యాన్ని జీవితాంతం మోస్తున్నారు. ఇంకొందరిలో అసలు జబ్బు వేరే ఉంటుంది. పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి కావచ్చు, పెద్దపేగు క్యాన్సర్ కావచ్చు. పథ్యం తాత్కాలికంగా కాస్త సుఖమిచ్చేసరికి ఆ జబ్బు కోసం ఎవరూ వెతకరు. మరోవైపు, ఏ లక్షణమూ లేకుండానే సీలియాక్ ఉన్నవారికి మానేసినా తేడా తెలియదు కాబట్టి, వారు “నాకు పనిచేయలేదు” అనుకుని వదిలేస్తారు. లక్షణాలు తగ్గాయా లేదా అన్న ఒక్క కొలతతో ఈ వ్యాధిని అవుననీ కాదనీ అనలేం.

4. పేరు లేని జబ్బుకు పథ్యం నిలవదు. సీలియాక్ ఉన్నవారు గ్లూటెన్‌ను జీవితాంతం, పూర్తిగా మానాలి. రోజుకు 50 మిల్లీగ్రాములు, అంటే బ్రెడ్ ముక్కలోని కొద్ది పొడి, 3 నెలల పాటు లోపలికి వెళ్లినా పేగు దెబ్బతింటుందని 2007లో ప్రచురితమైన పరిశోధన చూపింది. “గ్లూటెన్ రహితం” అని రాసుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ చెబుతోంది. ఇంత కచ్చితత్వం పాటించాలంటే మనిషికి బలమైన కారణం కావాలి. “డాక్టరు గారు చూడమన్నారు” అన్న కారణంతో మొదలైన పథ్యం పెళ్లిళ్ల దగ్గర, ప్రయాణాల్లో, బంధువుల బలవంతం ముందు కరిగిపోతుంది. ఆ సడలింపు వల్ల జరిగే నష్టం ఏళ్ల తర్వాత ఎముకలు విరిగినప్పుడు గానీ, అరుదుగానే అయినా పేగు లింఫోమా అనే క్యాన్సర్ వచ్చినప్పుడు గానీ తెలియదు.

పథ్యం కచ్చితంగా పాటించినవారికి కూడా నష్టం తప్పదు. నిర్ధారణ అయినవారికి ఎముకల సాంద్రత చూస్తారు, ఐరన్, విటమిన్ డి, బీ12 స్థాయిలు చూస్తారు, థైరాయిడ్ పరీక్ష చేస్తారు, యాంటీబాడీలు తగ్గుతున్నాయో లేదో ఏటా చూస్తారు. నిర్ధారణ కాని మనిషికి వీటిలో ఒక్కటీ జరగదు. బడిలో, హాస్టల్లో, ఆసుపత్రిలో చేరినప్పుడు ప్రత్యేక వంట అడగడానికి చూపించే కాగితం కూడా ఆ మనిషి దగ్గర ఉండదు.

5. ఒకరి నిర్ధారణ పోతే కుటుంబానికంతటికీ పోతుంది. సీలియాక్ ఉన్నవారి తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువుల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఈ వ్యాధి ఉండే అవకాశం ఉంది. వారందరికీ పరీక్ష చేయాలన్నది అంగీకరించిన నియమం. మొదటి వ్యక్తికి నిర్ధారణే కాకపోతే మిగిలినవారిని పిలిచి చూసే సందర్భమే రాదు. మా ఇంట్లో అక్కకు సమయానికి పరీక్ష జరిగి, అది పాజిటివ్ అని తేలి ఉంటే, తమ్ముడు లక్షణాలు ముదిరేదాకా ఆగాల్సిన అవసరం ఉండేది కాదు.

ఈ విషయం ఎత్తినప్పుడల్లా నాకు ఎదురైన అభ్యంతరాలకు కూడా ఇక్కడే సమాధానం చెబుతాను. బాధపడుతున్న మనిషిని ఇంకా గోధుమ తినమనడం క్రూరత్వం కాదా అని ఒక వైద్యుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే రక్తం తీయడానికి కొన్ని నిమిషాలు చాలు. ఆలస్యమయ్యేది ఎండోస్కోపీ తేదీ దగ్గర. దాన్ని తగ్గించడం వైద్య వ్యవస్థ చేతిలో ఉన్న పని. పైగా 2020 యూరప్ నియమాల ప్రకారం, పిల్లల్లో టీటీజీ-ఐజీఏ మామూలు గరిష్ఠ స్థాయికి 10 రెట్లు లేదా అంతకు మించి ఉండి, వేరే రోజు తీసిన రెండో రక్తనమూనాలో ఈఎంఏ అనే మరో యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్ అయితే, తల్లిదండ్రులతో చర్చించి బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చు. అంటే రక్తం ముందు తీస్తే కొందరు పిల్లలకు పథ్యం త్వరగానే మొదలవుతుంది, ఎండోస్కోపీ బాధా తప్పుతుంది. ముందు తీయకపోతే ఆ సదుపాయం కూడా చేజారుతుంది.

ఇప్పటికే మానేసినవారి సంగతేమిటన్నది రెండో ప్రశ్న. మానేసి కొద్ది వారాలే అయితే వెంటనే పరీక్ష చేయించడం వృథా కాదు, ఎందుకంటే అప్పటికి యాంటీబాడీలు మిగిలి ఉండవచ్చు, పాజిటివ్ వస్తే దానికి విలువ ఉంటుంది. నెగెటివ్ వస్తేనే దాన్ని నమ్మకూడదు. ఎక్కువ కాలమైతే హెచ్‌ఎల్‌ఏ జన్యు పరీక్ష ఉపయోగపడుతుంది. దానికి తిండితో సంబంధం లేదు. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేవని తేలితే సీలియాక్ లేదని దాదాపు కచ్చితంగా చెప్పి, ఆ మనిషిని మళ్లీ తినిపించే బాధ నుంచి తప్పించవచ్చు. ఉన్నాయని వస్తే మాత్రం అది వ్యాధి ఉందని చెప్పడం కాదు, ఎందుకంటే అనేక దేశాల జనాభాలో సుమారు 30 నుంచి 40 శాతం మందిలో ఈ జన్యువులుంటాయి, వారిలో కొద్దిమందికే వ్యాధి వస్తుంది.

ఒక మినహాయింపును కూడా స్పష్టంగా చెప్పాలి. గోధుమ తిన్న నిమిషాల్లో లేదా కొద్ది గంటల్లో దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం వచ్చేవారికి ఉన్నది గోధుమ అలర్జీ కావచ్చు. అది వేరే వ్యాధి, దాని పరీక్షలు వేరు. అలాంటివారు పరీక్ష కోసమని తింటూ ఉండకూడదు, వెంటనే వైద్యుణ్ని కలవాలి. అలాగే ఇప్పటికే పథ్యంలో ఉన్నవారెవరూ ఈ లేఖ చదివి సొంతంగా గోధుమ తినడం మొదలుపెట్టవద్దని వేడుకుంటున్నాను.

ఈ పరిస్థితుల్లో నా డిమాండ్లు ఇవి.

1. సీలియాక్ అనుమానం ఉన్న ఏ రోగికీ టీటీజీ-ఐజీఏ, మొత్తం ఐజీఏ పరీక్షలు రాయకుండా గ్లూటెన్ మానమని సలహా ఇవ్వకూడదు. డైటీషియన్ దగ్గరకు రోగి నేరుగా వచ్చినా, పథ్యం రాసే ముందు “పరీక్ష అయ్యిందా?” అని అడగడం తప్పనిసరి కావాలి. కాకపోతే ముందు వైద్యుడి దగ్గరకు పంపాలి.

2. మొత్తం ఐజీఏను టీటీజీతో కలిపే చేయాలి. సీలియాక్ రోగుల్లో సుమారు 2 నుంచి 3 శాతం మందికి ఐజీఏ యాంటీబాడీలే సరిగా తయారుకావు. వారిలో టీటీజీ-ఐజీఏ ఒక్కటే చూస్తే వ్యాధి ఉన్నా నెగెటివ్ వస్తుంది. ఐజీఏ తక్కువని తేలిన నమూనాకు ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీల ఆధారిత పరీక్షను పరీక్షా కేంద్రాలు తామే కొనసాగించి చేయాలి.

3. రక్తం తీసేచోట రోగిని ఒక ప్రశ్న అడగాలి: “గత 6 వారాలుగా రోజూ గోధుమ తింటున్నారా?” జవాబును నివేదికలో నమోదు చేయాలి. తినడం లేదన్నవారి నివేదికలో “ఈ నెగెటివ్ ఫలితంతో సీలియాక్ లేదని చెప్పలేం” అన్న వాక్యం రోగికి అర్థమయ్యే భాషలో అచ్చువేయాలి. ఈ ఒక్క పనికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త నియామకాలు అక్కర్లేదు.

4. పదుల కొద్దీ ఆహారాలకు ఒకేసారి ఐజీజీ చూసే “ఫుడ్ ఇన్‌టాలరెన్స్” ప్యాకేజీలను సీలియాక్ పరీక్షగా గానీ, దానికి బదులుగా గానీ అమ్మడం ఆపాలి. వాటిలో గోధుమకు ఎర్రగీత వచ్చిందని పథ్యం మొదలుపెట్టి, అసలు పరీక్ష అవకాశం పోగొట్టుకున్నవారున్నారు.

5. రక్తపరీక్ష పాజిటివ్ వచ్చి ఎండోస్కోపీ కోసం ఎదురుచూస్తున్నవారికి, ఆ రోజు దాకా తినడం ఆపకూడదని మందుల చీటీ మీదే రాసి ఇవ్వాలి. ఎక్కువమంది పథ్యం మొదలుపెట్టేది సరిగ్గా ఈ వ్యవధిలోనే. ఫలితం చూసి భయపడిన తల్లిదండ్రులు ఆ రాత్రికే పిల్లకు గోధుమ మాన్పిస్తారు, అది సహజం. తేదీని వీలైనంత త్వరగా ఇవ్వాలి. బయాప్సీలో చిన్నపేగు మొదటి మలుపు నుంచి ఒకటి రెండు, దాని దిగువ నుంచి కనీసం 4 ముక్కలు తీయాలి, ఎందుకంటే దెబ్బ అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

6. పరీక్ష లేకుండా ఇప్పటికే పథ్యంలోకి వెళ్లినవారిని చులకన చేయకుండా, జన్యు పరీక్ష, పర్యవేక్షణలో తిరిగి తినడం, లేదా నిర్ధారణ లేకుండానే సీలియాక్ రోగిగా భావించి ఏటా పరీక్షలు చేయించుకోవడం అనే మూడు మార్గాలనూ వివరించి, నిర్ణయం వారికే వదలాలి. మూడో మార్గం ఎంచుకున్నవారికి కూడా ఎముకల పరీక్ష, పోషకాల పరీక్షలు అందాలి.

7. ఆరోగ్య శీర్షికలు నడిపేవారు, ప్రసంగాలు చేసేవారు గోధుమ మానడం వల్ల లాభాల గురించి చెప్పే ప్రతిసారీ, మానే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలన్న మాటను కూడా చేర్చాలి.

వృత్తి సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు నాదొక ప్రత్యేక విన్నపం. మీ సభ్యులకు పంపే తదుపరి సూచనల్లో పై మొదటి మూడు అంశాలను చేరుస్తారా, చేర్చరా అన్నది దయచేసి రాతపూర్వకంగా తెలియజేయండి. చేర్చలేమనుకుంటే ఏ వైద్య కారణం వల్ల చేర్చలేరో కూడా రాయండి. ఆ జవాబు ఏదైనా సరే, దాన్ని ఈ లేఖతో పాటు ప్రజల ముందు ఉంచుతాను.

ఇట్లు,
సీలియాక్ వ్యాధి ఉన్న ఒక బిడ్డకు, నిర్ధారణ కాని మరొక బిడ్డకు తల్లి